ఆటోనగర్ షెడ్డు నుంచి ధోలావీరా దాకా: ఒక చిన్న క్యాంపింగ్ ట్రైలర్ కేసు

బండి వివరాలు ముందు చెప్పేస్తా. సింగిల్ యాక్సిల్ క్యాంపింగ్ ట్రైలర్, బాడీ ఎనిమిది అడుగులకి అటూ ఇటూ, లోపల ఇద్దరు పడుకునే పరుపు, వెనక డోర్ పైకెత్తితే కిచెన్, లాగేది బొలేరో. ఓనర్ రిటైరైన బ్యాంక్ ఆఫీసరు, ఉండేది వనస్థలిపురం, ఇక్కడ సార్ అనే రాస్తాను. నాది హైదరాబాద్ ఆటోనగర్‌లో షెడ్డు, జనరేటర్ ట్రాలీలు, ఫుడ్ ట్రక్కులు ఎక్కువ చేస్తాం, ఈ మధ్య ఇలాంటివి కూడా వస్తున్నాయి. సార్ వాళ్ళు వెళ్ళాల్సింది గుజరాత్‌లో కచ్ దగ్గరున్న ధోలావీరాకి, అక్కడ హైదరాబాద్, బెంగళూరు, పూణే నుంచి ట్రైలర్లు ఉన్న కొన్ని కుటుంబాలు కలిసి 2025 జనవరిలో నాలుగు రోజులు క్యాంపు వేద్దామనుకున్నారు. రూటు జహీరాబాద్, సోలాపూర్ దాకా ఎన్‌హెచ్ 65, అక్కణ్ణుంచి ఎన్‌హెచ్ 52 మీద ఔరంగాబాద్ (ఇప్పుడు ఛత్రపతి సంభాజీనగర్ అంటున్నారు), కన్నడ్ ఘాట్ దిగి ధూలే, తర్వాత సూరత్, అహ్మదాబాద్, సామాఖియాలీ, రాపర్. పోను రాను మూడు వేల కిలోమీటర్ల పైమాటే.

సార్ ఒక కాగితం మీద పనుల లిస్టు రాసుకొచ్చారు. పెద్ద ఫ్రిజ్, లోపల ఎల్ఈడీ స్ట్రిప్పులు, టీవీ పెట్టుకోడానికి బ్రాకెట్, పక్కకి ఆనింగ్ (నీడకి పందిరిలా చాపుకునే గుడ్డ), కిచెన్‌లో కొత్త ట్యాప్, ఇలా అన్నీ లోపలివే, చిట్టచివర చిన్న అక్షరాలతో "70 దాటితే కొంచెం ఊగుతోంది" అని ఉంది. ఆ చివరి లైను తేలేదాకా పైవి ఏవీ ముట్టుకోనని చెప్పేశాను. క్యాంపింగ్ ట్రైలర్ అనగానే అందరూ దాన్ని చిన్న ఇల్లులాగే చూస్తారు, రోడ్డు ఎక్కాక మాత్రం అది రెండు చక్రాల మీద ఒక్క బాల్‌కి వేలాడే బరువు, అంతే. ఆ బరువెంత, ఎక్కడుంది అన్నది తెలీకుండా ఫ్రిజ్ సైజు మాట్లాడుకోవడం వేస్ట్.

ముందు తూకం. సార్‌ని ట్రిప్‌కి ఎలా నింపుతారో అచ్చం అలాగే నింపి తెమ్మన్నాను, నీళ్ళ ట్యాంకు, బియ్యం, గ్యాస్, పరుపులు అన్నీ. ఆటోనగర్‌లో వేబ్రిడ్జిలకి కొదవ లేదు కదా, ట్రైలర్ ఒక్కదాన్నే ఎక్కిస్తే 690 కేజీలు చూపించింది. ఖాళీ బండి 420 అని ఆయన దగ్గర కాగితం ఉంది, అంటే 270 కేజీల సామాను ఎక్కింది. మొత్తం బరువుకి వేబ్రిడ్జి సరిపోతుంది కానీ ట్రైలర్ ముందు కొక్కెం, అంటే కప్లర్, కూర్చునే బొలేరో బాల్ మీద ఎంత బరువు పడుతుందో, మేం టంగ్ వెయిట్ అంటాం, అది చూడాలంటే పనికిరాదు, ఎందుకంటే లారీల కాటా ఐదు పది కేజీల తేడాని పట్టించుకోదు. అందుకని మా పక్క తుక్కు షాపు ప్లాట్‌ఫామ్ కాటా అడిగి తెచ్చుకున్నాం. దాని మీద చెక్క దుంగ నిలబెట్టి, కప్లర్ సరిగ్గా బొలేరో బాల్ ఎంత ఎత్తులో ఉంటుందో అంత ఎత్తులో ఆనేలా చేసి, ట్రైలర్ ముందు ఆనించే చిన్న చక్రం, జాకీ వీల్, గాల్లోకి లేపేశాం. ఎత్తు తప్పితే రీడింగు కూడా తప్పుతుంది, అది చాలామంది చూసుకోరు. కాటా మీద 25 వచ్చింది.

690 కేజీల ట్రైలర్‌కి 25 అంటే నాలుగు శాతం కూడా లేదు. ఇలాంటి బండికి మొత్తం బరువులో పది నుంచి పదిహేను శాతం బాల్ మీద పడాలి. తక్కువైతే బరువంతా యాక్సిల్ వెనకాల వేలాడుతున్నట్టు, అప్పుడు లారీ పక్కనుంచి దూసుకెళ్ళినా, గాలి కొట్టినా, స్టీరింగ్ కొంచెం కదిపినా తోక ఒకవైపు వెళ్ళి తిరిగొచ్చేటప్పుడు ఇంకాస్త ఎక్కువ వెళ్తుంది, స్పీడు పెరిగే కొద్దీ ఆ ఊపు ఆగదు, చివరికి ముందున్న బండిని కూడా తిప్పి పడేస్తుంది. సార్‌కి 70 దగ్గర "కొంచెం" అనిపించింది 90 దగ్గర కొంచెంగా ఉండదు.

ఎందుకలా ఉందో చూస్తే తెలిసిపోయింది. కట్టినవాళ్ళు సింకు వెనకుంది కదా అని పైపు కలిసొస్తుందని 60 లీటర్ల నీళ్ళ ట్యాంకుని కూడా కిచెన్ కిందే పెట్టేశారు, యాక్సిల్‌కి 1.1 మీటర్ వెనక. స్టెపినీ వెనక డోర్‌కి బిగించారు, చూడ్డానికి జీపులా ఉంటుందని. లెక్క కష్టమేం కాదు, ఏ వస్తువైనా దాని బరువుని యాక్సిల్ నుంచి ఎంత దూరంలో ఉందో దాంతో గుణించాలి, వెనకున్నవి మైనస్, ముందున్నవి ప్లస్, వచ్చినదాన్ని యాక్సిల్ నుంచి కప్లర్‌కి ఉన్న దూరంతో, ఇక్కడ 2.4 మీటర్లు, భాగిస్తే టంగ్ మీద ఎంత మారుతుందో వస్తుంది. నీళ్ళ ట్యాంకుని యాక్సిల్‌కి 30 సెంటీమీటర్లు ముందుకి తెస్తే టంగ్ మీద 35 కేజీలు పెరుగుతుంది. స్టెపినీ 15 కేజీలు, దాన్ని వెనక డోర్ నుంచి తీసి ముందువైపు ఇంగ్లిష్ 'A' ఆకారంలో ఉండే చట్రం మీద పెడితే ఇంకో 19. ముందు బాక్సులో ఉన్న పాత లెడ్ యాసిడ్ బ్యాటరీ తీసి లిథియం పెడుతున్నాం కాబట్టి అక్కడ ఓ 16 కేజీలు తగ్గి టంగ్ మీంచి 10 పోతుంది. లెక్క ప్రకారం 69 రావాలి, పని అయ్యాక మళ్ళీ తుక్కు కాటా మీద పెడితే 70 వచ్చింది.

మధ్యలో సామాను తగ్గించే పంచాయితీ ఒకటి నడిచింది. ఇది మెకానిక్ పని కాదు కానీ అది కూడా మనమే చేయాలి. పాతిక కేజీల బియ్యం మూట, టేబుల్ టాప్ గ్రైండర్, ఇంట్లో వాడే 14.2 కేజీల గ్యాస్ బండ, మడత మంచం. మేడంగారు షెడ్డుకి వచ్చి నిలబడ్డారు.

"బాబూ, అక్కడ సన్న బియ్యం దొరుకుతాయా? వాళ్ళు రొట్టెలే తింటారంట కదా."

"అమ్మా, సోలాపూర్‌లో దొరుకుతాయి, అహ్మదాబాద్‌లో దొరుకుతాయి. ఒక ఐదు కేజీలు పెట్టుకోండి, అయిపోతే కొనుక్కోండి."

"మరి గ్రైండర్?"

సార్ అటు తిరిగి టైర్లు చూస్తున్నారు, మధ్యలోకి రాలేదు. చివరికి గ్రైండర్ ఇంట్లోనే ఉండిపోయింది, దోసెల పిండి బదులు ఉప్మా రవ్వ, ఆవకాయ, కందిపొడి వెళ్ళాయి. ఇంటి గ్యాస్ బండ నిండుగా ఉంటే సిలిండర్‌తో కలిపి 30 కేజీల దాకా తూగుతుంది, అయిపోతే దారిలో మార్చుకునే వీలు కూడా లేదు, దాని బదులు 5 కేజీల చిన్న సిలిండర్ పెట్టాం. ఎల్పీజీ గాలి కంటే బరువు, లీకైతే పైకి పోదు, నేల మీదే పేరుకుంటుంది, అందుకే సిలిండర్ బాక్సుకి పైన కాకుండా అడుగున రంధ్రాలు కొట్టి, పడుకునే గదికి దానికి మధ్య సందు లేకుండా మూసేశాం. అన్నీ పోగా ట్రైలర్ 610 దగ్గర ఆగింది, టంగ్ 70, అంటే పదకొండున్నర శాతం.

తర్వాత కిందికి దిగాం. టైర్లు 145 ఆర్12 ఎల్‌టీ, టాటా ఏస్‌కి వచ్చే సైజే, దీనికి సరిపోతాయి, సైడ్‌వాల్ మీద లోడ్ ఇండెక్స్ 86 అని ఉంది, అంటే ఒక్కో టైరు 530 కేజీలు మోస్తుంది. బటన్ (టైరు మీది అచ్చు) చూస్తే ఇంకా బోలెడంత ఉంది, సార్ కూడా "టైర్లు కొత్తవే" అన్నారు. డేట్ కోడ్ మాత్రం 2316, అంటే 2016లో ఇరవై మూడో వారం. ట్రైలర్ టైర్లు అరిగి చావవు, ఎండలో నిలబడి నిలబడి చస్తాయి, సైడ్‌వాల్ వంచి చూస్తే సన్నటి పగుళ్ళు. స్టెపినీతో కలిపి మూడూ మార్చేశాం. గాలి 45 పెట్టాం, సైడ్‌వాల్ మీద రాసిన గరిష్ఠం పెట్టలేదు, ఎందుకంటే మోసే బరువు టైరు కెపాసిటీలో సగమే, రాయిలా గాలి కొడితే ప్రతి గుంతకీ ట్రైలర్ ఎగిరి లోపల స్క్రూలు ఊడతాయి. కమాన్ కట్ట కూడా ఏదో టెంపోది తెచ్చి వేసినట్టున్నారు, మరీ గట్టి, రెండు పట్టీలు తీసేసి, షాకిల్ బుష్‌లు కొత్తవి వేసి, యూ బోల్టులు మళ్ళీ బిగించాం.

పాత టైర్లలో ఒకటి లోపలివైపు ఎక్కువ అరిగింది, అందుకని యాక్సిల్ వంకర ఉందేమో చూశాం. దీనికి మెషీన్ అక్కర్లేదు, కప్లర్ మధ్య నుంచి రెండు హబ్బుల మధ్యకి టేపు లాగి కొలిస్తే చాలు, రెండూ సమానం ఉండాలి. 14 మిల్లీమీటర్లు తేడా వచ్చింది. యూ బోల్టులు వదులు చేసి యాక్సిల్ జరిపి మళ్ళీ కొలిచి బిగించేశాం, పని చిన్నదే కానీ ఇది వదిలేస్తే కొత్త టైర్లు కూడా కచ్ చేరేలోపే గీరుకుపోయేవి.

బేరింగుల దగ్గర కొంచెం ఆగి చెప్పాలి, దారిలో ట్రైలర్లు ఆగిపోయేది ఎక్కువ ఇక్కడే. డస్ట్ క్యాప్ కొట్టి తీసి, స్ప్లిట్ పిన్ లాగి, నట్టు తీస్తే గ్రీజు కాటుకలా నల్లగా ఉంది, బేరింగ్ కడిగి రేసు (రోలర్లు తిరిగే రింగు) మీద వేలు పెట్టి చూస్తే రోలర్ ఎక్కడ ఆనిందో అక్కడ వరుసగా గోధుమరంగు గీతలు. బండి నెలల తరబడి ఒకేచోట నిలబడితే లోపల చేరిన చెమ్మ రోలర్ ఆనిన చోట తుప్పు గీత వేస్తుంది, అక్కణ్ణుంచి అది గరగరమంటుంది, వేడెక్కుతుంది. నాలుగు బేరింగులూ, సీళ్ళూ కొత్తవి. గ్రీజు పైన పూస్తే సరిపోదు, ఎడమ అరచేతిలో ఉండ పెట్టుకుని బేరింగ్ వెడల్పు అంచుని అందులోకి నొక్కుతూ తిప్పాలి, రోలర్ల మధ్యనుంచి అవతలివైపుకి గ్రీజు పురుగుల్లా బయటికి వచ్చేదాకా. నట్టు బిగించేటప్పుడు చక్రం తిప్పుతూ బిగించి, బరువెక్కాక వెనక్కి వదిలి చేత్తో ఆనేంత పెట్టి పిన్ వెయ్యాలి, లారీ నట్టులా కసిగా బిగిస్తే వంద కిలోమీటర్లకే బేరింగ్ కాలిపోతుంది. ఇంకోటి, బేరింగుల మీద చెక్కిన నంబర్లు, సీల్ సైజు ఒక స్టిక్కర్ మీద రాసి కిచెన్ డోర్ లోపల అతికించాం. మనదగ్గర ఒక్కో ట్రైలర్ కట్టేవాడు ఒక్కో రకం బేరింగ్ వాడతాడు, ఊరు కాని ఊర్లో స్పేర్ పార్ట్స్ షాపువాడికి "ట్రైలర్ బేరింగ్ ఇవ్వు" అంటే ఏమిస్తాడు పాపం. ఒక సెట్ గ్రీజు పెట్టి కవర్లో చుట్టి ఇచ్చాం కూడా.

బ్రేకు సంగతి. ఈ ట్రైలర్‌కి ఓవర్‌రన్ బ్రేకు ఉంది, అంటే ముందు బండి బ్రేకేస్తే ట్రైలర్ ముందుకి తోసుకొస్తుంది, ఆ తోపుకి కప్లర్ షాఫ్ట్ లోపలికి జరిగి రాడ్ లాగి డ్రమ్ములో బ్రేకు వేస్తుంది. యూరప్‌లో 750 కేజీల లోపు ట్రైలర్లకి బ్రేకు లేకపోయినా ఒప్పుకుంటారు, కానీ కన్నడ్ ఘాట్ దిగాల్సిన బండికి ఉన్న బ్రేకుని సరిచేయకుండా పంపడం నాకు ఇష్టంలేదు. షాఫ్ట్ గ్రీజు నిపుళ్ళు ఎండిపోయి ఉన్నాయి, గ్రీజు కొట్టి, షూలు తీసి శుభ్రం చేసి, ట్రయల్‌కి వెళ్ళాం. పెద్ద అంబర్‌పేట దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కి శంషాబాద్ దాకా వెళ్ళి సైడుకి దిగాం. ఊపు పోయింది, 80 దగ్గర లారీలు దాటినా బండి గీత గీసినట్టు వచ్చింది. సార్ ముఖం వెలిగింది. మా కుర్రాడు మాత్రం లేజర్ థర్మామీటర్ హబ్బుల మీద పెట్టి "అన్నా, లెఫ్ట్ కాల్తుంది" అన్నాడు. కుడివైపు 47 డిగ్రీలు, ఎడమవైపు 83.

కొత్త బేరింగు వేశాక ఇలా వస్తే అందరూ ముందు బేరింగునే తిడతారు. జాకీ పెట్టి చేత్తో తిప్పి చూస్తే ఎడమ చక్రం ఒక రౌండు కూడా పూర్తిగా తిరగట్లేదు, హ్యాండ్ బ్రేక్ లివర్ పూర్తిగా వదిలి ఉన్నా సరే. అంటే షూ డ్రమ్ముకి రాసుకుంటోంది. షూలు మేం అడ్జస్ట్ చేసే పెట్టాం కాబట్టి లోపం రాడ్ దగ్గరుండాలి. ఎప్పుడో దారిలో హ్యాండ్ బ్రేక్ పట్టట్లేదని సార్ ఎక్కడో చూపిస్తే అక్కడ మెకానిక్ డ్రమ్ము ముట్టుకోకుండా రాడ్ నట్టు బిగించి పంపేశాడు, అప్పటికి పట్టింది, షూలు అరిగి ఉన్నాయి కాబట్టి రాసుకోలేదు. ఇప్పుడు షూలు సరిచేశాక ఆ బిగింపే ఎక్కువైంది. వరస ఎప్పుడూ ఒకటే: ముందు రాడ్, కేబుల్ పూర్తిగా వదులు చెయ్యాలి, తర్వాత డ్రమ్ము దగ్గర షూలు బిగించి చక్రం స్వేచ్ఛగా తిరిగేంత వెనక్కి వదలాలి, ఆఖర్న రాడ్‌లో ఉన్న వదులు మాత్రం తీసుకోవాలి. అలా చేసి మళ్ళీ అదే రూటు తిప్పితే రెండు హబ్బులకీ రెండు మూడు డిగ్రీలే తేడా. వీల్ నట్లు కూడా అప్పుడే మళ్ళీ టార్క్ పానా పెట్టి చూశాం, కొత్త టైర్లు వేశాక మొదటి వంద కిలోమీటర్లలో ఒకసారి చూడాల్సిందే.

ఈ కప్లర్ పాత పద్ధతిది, రివర్స్ వేసేటప్పుడు చిన్న లాకు పడెయ్యాలి, లేకపోతే వెనక్కి తోస్తుంటే బ్రేకు పట్టేస్తుంది. ముందుకి కదిలేముందు ఆ లాకు తీయడం మర్చిపోతే ట్రైలర్‌కి బ్రేకే లేనట్టు. లాకుకి ఎర్ర రిబ్బన్ కట్టి, సార్ డ్యాష్‌బోర్డ్ మీద కూడా రాసి అతికించాం. రివర్స్ ప్రాక్టీసుకి ఒక ఖాళీ వెంచర్‌కి తీసుకెళ్ళాను, స్టీరింగ్ కింది భాగం పట్టుకుంటే చెయ్యి ఎటు జరిపితే ట్రైలర్ తోక అటు వెళ్తుంది, ఇది ఒక్కటి వంటబడితే చాలు. చిన్న ట్రైలర్ పెద్దదానికంటే తొందరగా మడత పడుతుంది, సార్‌కి ఓపిక ఉంది కాబట్టి సాయంత్రానికి వచ్చేసింది, అల్లుడుగారికి రాలేదు, ఆయన డ్రైవింగ్ ముందుకే అని తేల్చేశాం. ఒకవేళ ఊపు మొదలైతే ఏం చెయ్యాలో ఇద్దరికీ చెప్పాను, యాక్సిలరేటర్ వదిలెయ్యాలి, స్టీరింగ్ నిటారుగా పట్టుకోవాలి, ఊపుకి ఎదురు తిప్పకూడదు, గట్టిగా బ్రేకు తొక్కకూడదు.

వైరింగ్ దగ్గర కేసు చిన్నదే. బ్రేకు తొక్కితే లెఫ్ట్ ఇండికేటర్ కూడా మసకగా వెలుగుతోంది, ఇలా ఒకటి నొక్కితే ఇంకోటి వెలిగితే బల్బులు మార్చడం మొదలుపెట్టకండి, ఎర్త్ చూడండి. ఏడు పిన్నుల సాకెట్‌లో తెల్ల వైరు ఎర్త్, ఇక్కడ దాన్ని పెయింట్ మీదే స్క్రూ కొట్టి బిగించారు, పెయింట్ గోకి, రింగ్ టెర్మినల్ వేసి, ప్రతి లైటుకీ విడిగా ఎర్త్ వైరు లాగితే అన్నీ దారికొచ్చాయి. పిన్నుల్లో చెమ్మ చేరకుండా డైఎలక్ట్రిక్ గ్రీజు పెట్టాం, ఉప్పు ప్రాంతం కదా.

ఫ్రిజ్ మాత్రం సార్ పట్టుబట్టారు. పెద్దది వద్దని ఒప్పించి ఉన్న 45 వాట్ల కంప్రెసర్ ఫ్రిజ్‌నే ఉంచాం, అది నడుస్తూ నడుస్తూ లో వోల్టేజ్ అని ఆగిపోవడం ఆయన అసలు బాధ. బొలేరో బ్యాటరీ నుంచి 2.5 స్క్వేర్ ఎంఎం వైరు లాగారు, పోను రాను 14 మీటర్లు. 15 ఆంపియర్లు లాగితే ఆ వైర్లోనే ఒకటిన్నర వోల్టులు పోతుంది, బయల్దేరింది 13.8 అయితే చేరేది 12.3, దాంతో ట్రైలర్ బ్యాటరీ ఎప్పటికీ నిండదు. 10 స్క్వేర్ ఎంఎం వేస్తే నష్టం 0.4 వోల్టు లోపే. ఆ వైరు, డీసీ టు డీసీ చార్జర్, 100 ఆంపియర్ అవర్ లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ, రెండు చివర్లా ఫ్యూజులు. బ్యాటరీలో ఉండేది 1280 వాట్ అవర్లు, ఫ్రిజ్ రోజులో నలభై శాతం టైమ్ నడిచిందనుకున్నా 430 దాకా తింటుంది, లైట్లు ఫ్యాను ఫోన్లు కలిపి ఇంకో 150, అంటే ఎండ లేకపోయినా రెండు రోజులు. సోలార్ ప్యానెల్ టాప్ మీద పడుకోబెట్టి బిగించమన్నారు, వద్దన్నాను. కర్కట రేఖ దాదాపు ధోలావీరా మీదుగానే పోతుంది, జనవరిలో అక్కడ మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు 45 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు, పడుకోబెట్టిన ప్యానెల్‌కి ఆ టైమ్‌లో కూడా డెబ్బై శాతమే దక్కుతుంది. పైగా ట్రైలర్‌ని నీడలో పెడతారు కదా. మడత ప్యానెల్ కొని, దక్షిణం వైపు వాల్చి ఎండలో పెట్టుకోమన్నాం.

దుమ్ము గురించి ఎవరూ అడగరు, వచ్చాక ఏడుస్తారు. నడుస్తున్న బండి వెనకాల గాలి పీల్చినట్టు అవుతుంది, వెనక డోర్ సందుల్లోంచి దుమ్మంతా కిచెన్‌లోకి లాగేస్తుంది. డోర్ రబ్బరు సరిగ్గా ఆనుతుందో లేదో చూడ్డానికి ఫ్రేమ్ అంచు చుట్టూ సుద్దముక్క గీసి డోర్ మూసి తెరవండి, రబ్బరు మీద సుద్ద ఎక్కడ అంటలేదో అక్కడ సందు. కింది మూలల్లో రెండుచోట్ల జానెడు మేర అంటలేదు, కొత్త బీడింగ్ వేసి, లాచ్ ఒక్క అర సెంటీమీటరు లోపలికి జరిపాం. మట్టి రోడ్డు మీద టాప్ వెంట్ కొంచెం తెరిచి పెడితే లోపల గాలి ఒత్తిడి ఉండి దుమ్ము తక్కువ దూరుతుంది.

ఉప్పు ఇంకో కథ. ఛాసిస్‌కి పాత ఇంజిన్ ఆయిల్ పూసుకోమని సార్‌కి ఎవరో చెప్పారు, మన దగ్గర లారీలవాళ్ళు చేస్తారు, కానీ ఆయిల్ బుష్‌ల రబ్బరుని ఉబ్బిస్తుంది, పైగా దుమ్ము దానికే అతుక్కుంటుంది. తుప్పు గోకి, ప్రైమర్ వేసి, చానళ్ళ లోపలికి వ్యాక్స్ స్ప్రే కొట్టాం. తెల్లటి రణ్‌లోకి, అంటే ఆ ఉప్పు మైదానంలోకి, మాత్రం బండి దించొద్దని గట్టిగా చెప్పాను, పైన ఉప్పు పొర గట్టిగానే కనిపిస్తుంది, కింద బురద, పొర పగిలితే 610 కేజీల ట్రైలర్‌ని లాగడానికి ట్రాక్టర్ కూడా అక్కడికి రాదు. నీళ్ళు రాపర్‌లో నింపుకోమన్నాం. ధోలావీరా హరప్పా కాలం ఊరు, 2021లో యునెస్కో గుర్తింపు వచ్చింది, ఆ రోజుల్లోనే వాననీళ్ళు దాచుకోడానికి అంతంత పెద్ద తొట్లు తవ్వుకున్నారంటే అక్కడ నీళ్ళ సంగతి అర్థం చేసుకోవచ్చు.

కాగితాలు చాలామంది లైట్ తీస్కుంటారు. ట్రైలర్‌కి విడిగా రిజిస్ట్రేషన్ ఉండాలి, 1988 మోటారు వాహనాల చట్టం సెక్షన్ 61 ప్రకారం లాగే బండి నంబరు ట్రైలర్ వెనక కనిపించాలి. సార్ ట్రైలర్‌కి ఆర్సీ ఉంది, వెనక బొలేరో నంబర్ ప్లేటే లేదు. అది పెట్టించి, బొలేరో ఇన్సూరెన్స్‌లో ట్రైలర్‌ని కూడా ఎక్కించుకోమని పంపించాను.

ట్రిప్ సాఫీగానే అయింది. పగలే నడిపారు, 80 దాటలేదు, టీ కోసం ఆగిన ప్రతిచోటా మేడంగారే వంగి రెండు హబ్బుల మీదా అరచేయి వెనక భాగం పెట్టి చూసేవారట, ఆయన మర్చిపోయినా ఆవిడ మర్చిపోలేదు. కన్నడ్ ఘాట్ సెకండ్ గేర్లో దిగారు, డ్రమ్ముల వాసన రాలేదన్నారు. క్యాంపులో బెంగళూరు నుంచి వచ్చిన ఒక ట్రైలర్‌కి బేరింగ్ పోయి చక్రం వంగి నిలబడిందట, పాత బేరింగ్ ముక్కలైపోయి నంబరు కూడా కనిపించక, వాళ్ళు ఆ ముక్కలు పట్టుకుని భచావూ దాకా వెళ్ళి సగం రోజు తిరిగారు. సార్ అక్కణ్ణుంచే ఫోన్ చేసి మన స్టిక్కర్ ఫోటో అందరికీ పంపానని చెప్పారు. ఫ్రిజ్ ఒక్కసారీ ఆగలేదు, రాత్రిళ్ళు చలికి అది పెద్దగా నడిచిందీ లేదు.

తిరిగొచ్చాక మళ్ళీ పైకెత్తి చూశాం. బ్రేకు షూలు సమానంగా అరిగాయి, హబ్బుల గ్రీజు రంగు మారలేదు, టైర్లు రెండూ ఒకేలా ఉన్నాయి. కమాన్ షాకిల్ వెనకాల, మడ్‌గార్డ్ మడతలో ఉప్పు గట్టి పొరలా పేరుకుని ఉంది, దారిలో బంకుల్లో పైపైన కడిగారు కానీ కిందికి పైపు పెట్టలేదు, అదంతా నానబెట్టి మామూలు నీళ్ళతో కడిగాం, ప్రెషర్ గన్ మాత్రం హబ్బు సీళ్ళ మీద కొట్టలేదు. బాడీ అల్యూమినియం షీటు, దానికి కట్టినవాళ్ళు మామూలు ఇనుప స్క్రూలు వాడారు, ఉప్పు తగిలేసరికి ప్రతి స్క్రూ చుట్టూ తెల్లటి పొడి లేచింది, రెండు లోహాలు కలిసినచోట అల్యూమినియమే తినేసుకుపోతుంది. వరసగా కింది రెండు లైన్లు తీసి స్టెయిన్‌లెస్ స్క్రూలు వేస్తున్నాం, ప్రతిదాని కింద నైలాన్ వాషర్, రంధ్రంలో సీలెంట్. దుమ్ము కిచెన్‌లో ఒక్క ఎడమ మూలే చేరింది, డోర్ రబ్బరు మీద చూస్తే సుద్ద గుర్తు బాగానే పడుతోంది, వెతగ్గా వెతగ్గా సింకు నీళ్ళు పోయే పైపు కింద తెరిచి ఉంది, అందులోంచి పైకి లాగింది. దానికి ఒక వంపు, చివర రబ్బరు మూత పెట్టాం. ఆనింగ్ పని వచ్చే వారం.